వీపుకు వీపు

గురువారం సాయంత్రాలు ఊరి హాల్లో జనం నేల మీద దొర్లేవాళ్లు. ఎస్టర్‌సుండ్ పట్నం నుంచి వచ్చి స్థిరపడిన టూవా దాన్ని నాట్యమనేది. పాట లేదు, నేర్పేవాళ్లు లేరు. ఎవరైనా రావచ్చు. ఒకరి మీద ఒకరు బరువు వేసి, ఆ బరువు ఎటు తీసుకుపోతే అటు పోవాలి. విసుగొస్తే వదిలేసి పోవచ్చు. గంట కొట్టేదాకా మాట్లాడకూడదు, అంతే.

ఆ చివరి మాట విన్నాకే తోర్నీ బయలుదేరాడు. మాట్లాడకుండా ఉండటంలో ఆ ఊరి సరస్సు చుట్టూ అతనికి సాటి వచ్చేవాడు తమ్ముడు రాంగ్‌వాల్ద్ ఒక్కడే. తండ్రి పోయిన ఏడాది తమ్ముడు ఒక్క మాట అడక్కుండా ఆయన పడవకి పసుపు రంగు వేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడా తమ్ముడు గురువారాలు దొర్లడానికి పోతున్నాడని ఊరంతా నవ్వుకుంటోంది. తోర్నీకి తమ్ముడు కావాలి. ముందుగా నోరు విప్పడం మాత్రం చచ్చినా తనవల్ల కాదు.

బూట్లు విప్పితే మేజోడులోంచి బొటనవేలు తొంగి చూసింది. లోపల పాస్టరు పొట్ట మీద పోస్టాఫీసావిడ పిండి బస్తాలా పడి ఉంది. ఆదివారం ప్రార్థనలో ఎన్నడూ కనబడని భక్తి పాస్టరు మొహంలో కనబడింది.

తోర్నీ గోడ వెంట నడిచి, వెనక్కి తిరిగి, ఓ మూల నిలబడ్డ తమ్ముడి వీపుకు తన వీపు ఆనించాడు. తమ్ముడు తప్పుకోలేదు. కాసేపు పశువుల పాక తలుపుకి ఆనుకున్నట్టే ఉంది. తర్వాత ఆ వీపు కొంచెం మెత్తబడింది. ఇద్దరూ మెల్లగా జారి నేల మీద కూలబడ్డారు.

టూవా గంట కొట్టింది. అందరూ కాఫీకని వంటగదిలోకి పోయారు. వీళ్లు లేవలేదు. అన్నకి ఎడమ మోకాలు పనిచేయదు, తమ్ముడికి రెండూ. ఒకరినొకరు ఒకేసారి వెనక్కి తోసుకుంటేనే లేవగలరు. చిన్నప్పుడు పడవ ఎత్తేటప్పుడు లెక్కపెట్టేది తోర్నీయే. గంట కొట్టేశారు కనక నోరు మూసుకోవడానికి సాకు కూడా లేదు.

టూవా తొంగిచూసి సాయం కావాలా అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి వద్దని తలలు విదిలించారు. రెండు తలలూ ఠపీమని కొట్టుకున్నాయి.

యాలకుల బన్నుల వాసన వచ్చింది. వాటితో పాటు పాస్టరు నమిలే చప్పుడూ వచ్చింది. ఆ మనిషి బన్నులు మిగిల్చే రకం కాదు.

"ఒకటి, రెండు, మూడు," అన్నాడు తోర్నీ.

తను తోశాడు. వెనక తమ్ముడు కదల్లేదు.

"ఏరా, తొయ్యవేం?"

"సరిగ్గా వినబడలేదన్నయ్యా. ఇంకోసారి అను."

"పడవకి ఆ రంగు వేసినప్పుడు కళ్లు లేవనుకున్నాను. చెవులూ లేవన్నమాట."

తమ్ముడి వీపు కుదిపినట్టు ఊగింది. నవ్వుతున్నాడని తోర్నీకి వీపుతోనే తెలిసింది. నవ్వు ఆగాక మళ్లీ లెక్కపెట్టాడు, ఈసారి వంటగదిలోకి కూడా వినబడేలా.