ఫ్యాను రెక్క మీద పురుడు

పట్టిసీమలో మేనకోడలి పెళ్ళి చూసుకుని వచ్చేసరికి అప్పాజీ గది ఫ్యాను రెక్క మీద మట్టిగూడు వెలిసింది. అసలే రోహిణీ కార్తె. ఎండ కడియం ఊరిని పెనం మీద పెట్టి వేపుతోంది. సొంత నర్సరీలో మొక్కలకైనా గ్రీన్ నెట్ నీడ ఉంది. పాపం అప్పాజీకి, ఆ ఇంట్లో గాలొచ్చే ఫ్యాను అదొక్కటే. చీపురు అందుకున్నాడు.

“ఆగరా పాపిష్టోడా!” తల్లి రత్నమాణిక్యం గావుకేక పెట్టింది. “అది కుమ్మరి పురుగు గూడు. ఇంట్లో ఎవరో నీళ్ళోసుకున్నారన్నమాట!”

“పురుగుకేం తెలుసమ్మా?”

“తెలీకేం! బ్రహ్మదేవుడు మట్టితో మనుషుల్ని చేసేటప్పుడు ఆ మట్టి మోసింది అదే. అందుకే కుమ్మరి పురుగన్నారు. బిడ్డ పుట్టబోయే ఇంటికి ముందే మట్టి చేరేస్తుంది. గూడు కదిపావో, చూసుకో మరి!”

ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే. రత్నమాణిక్యానికి డెబ్భై దాటాయి. ఇక మిగిలింది అప్పాజీ భార్య సూర్యకళ, ఆవిడకీ యాభై దగ్గరపడ్డాయి. “నేను కాదండీ” అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ అత్తగారు చేతిలో బిందె లాక్కుని, మంచం వాల్చి, మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్ది పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. సూర్యకళ ఆ ఒక్క ముక్కా మింగేసింది.

“నిజం చెప్పవే తల్లీ!” అప్పాజీ బతిమాలాడు.

“ఏమోనండీ, పురుగుకి తెలిసినంత నాకేం తెలుసు?” అందావిడ కాయ కొరుకుతూ.

నర్సరీలో ఇంకా ఘోరం. మొక్కలకి అంటు కట్టే గంగయ్య నవ్వాపుకుంటూ, “ఉయ్యాలకి తాడు తెమ్మంటారాండీ?” అన్నాడు. అప్పాజీకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెమటలో నానుతూ, పైకి చూసి, “తొందరగా పుట్టెయ్ నాయనా” అని గూటికే దణ్ణం పెట్టుకున్నాడు.

తొలకరి ఇంకా పడలేదు. ఓ మధ్యాహ్నం గూటికి చిల్లు పడి, సన్ననడుం పురుగొకటి మీసాలు దులుపుకుంటూ బయటికొచ్చింది.

“పుట్టేసింది! ఇంట్లో పుట్టాల్సింది ఇదేనమ్మా! నీ మాటా నిలబడింది, నా పరువూ దక్కింది!” అప్పాజీ స్విచ్చి మీదకి ఒక్క దూకు దూకాడు.

రత్నమాణిక్యం ఠపీమని చేతి మీద కొట్టింది. “బుద్ధుందా? పురిటిగదిలో ఫ్యానేంటిరా? పసిగుడ్డుకి గాలి తగలదూ? పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా స్విచ్చి ముట్టుకున్నావంటే ఊరుకోను!”

సూర్యకళ మంచం దిగనేలేదు. “మరి బాలింత పథ్యం నాకే పెడతారా అత్తయ్యగారూ?” అనడిగింది ఆశగా.

అప్పాజీ చాప చంకన పెట్టుకుని, నర్సరీకెళ్ళి, గ్రీన్ నెట్ కింద మొక్కల వరసలో వెల్లకిలా పడుకున్నాడు. పైపు పట్టుకుని వచ్చిన గంగయ్య ఓ క్షణం ఆలోచించి, మొక్కలతో పాటు ఆయనకీ నీళ్ళు పెట్టాడు.