నిన్నటి సాయంత్రం చూపే కంప్యూటరు

1995 వేసవిలో, బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో టైపింగ్ షాపు నడిపే జ్యోతిర్మయి ఒక పాత కంప్యూటరు కొంది. మొదటి వారం బాగానే గడిచింది. ఒకరోజు పొద్దున్నే రైల్వే గార్డు బంగార్రాజు వచ్చి క్వార్టర్ మార్పు కోసం అర్జీ కొట్టించుకున్నాడు. కాగితం చేతికందగానే పైనున్న తేదీ దగ్గరే ఆగిపోయాడు.

"ఏటమ్మా, నిన్నటి తారీఖు పడిందేటి?"

గోడ గడియారంలో పది దాటింది. తెర మీద మాత్రం నిన్నటి తేదీ, సాయంత్రం ఏడు నలభై రెండు. తనే ఏదో తప్పు మీట నొక్కి ఉంటుందనుకుని జ్యోతిర్మయి టైము సరిచేసి, అర్జీ మళ్లీ కొట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దున తెరిస్తే మళ్లీ నిన్నటి సాయంత్రమే.

ఆమెకు పాలుపోలేదు. పగలంతా సరిగ్గా నడిచే గడియారం తెల్లారేసరికి ఎందుకు వెనకబడుతోంది? షాపు రెండో తాళం మరిది సూర్యం దగ్గర ఉంటుంది. అతను వచ్చి ఏదైనా కెలుకుతున్నాడేమోనని అడిగేసింది. అతను చిన్నబుచ్చుకుని, తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కంప్యూటరు అమ్మినాయన కరెంటు హెచ్చుతగ్గుల వల్లేనన్నాడు. స్టెబిలైజరు పెట్టినా అదే తంతు.

ఈ గోలంతా విన్న బంగార్రాజు ఒక ఉపాయం చెప్పాడు.

"కట్టేసినప్పుడు టైమెంతో రాసుకో. తెరిసినప్పుడు ఎంతుందో అదీ రాయి. డూటీలో బండి ఎక్కడ లేటయిందో మేం అలాగే పట్టుకుంటాం."

మూడు రోజులు రాసింది. సాయంత్రం ఏడున్నరకు కట్టేస్తే మర్నాడు తెరిచినప్పుడూ ఆ ఏడున్నరే చూపింది. ఎనిమిదింటికి కట్టేస్తే ఎనిమిదే. ఒకరోజు కావాలనే మధ్యాహ్నం భోజనానికి గంటసేపు కట్టేస్తే సరిగ్గా గంట తేడా. గడియారం వెనక్కి పోవడం లేదు, కంప్యూటరుతోపాటు ఆగిపోతోంది, అంతే. ఆ సాయంత్రమే సూర్యం ఇంటికెళ్లి, తను అన్నది తప్పని ఒప్పుకుని తాళం ఇచ్చేసింది.

కట్టేసినప్పుడు గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఒకటి లోపల ఉంటుందని, అది నీరసించి, టైము గుర్తుంచుకోగలుగుతోంది గానీ గడియారాన్ని నడపలేకపోతోందని వాచీలు బాగుచేసే అమ్మన్న చెప్పాడు. మూత విప్పి, రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసేసి కొత్తది పెట్టాడు. ఆన్ చేస్తే 1980 జనవరి ఒకటి అని వచ్చింది. ఉన్నది కాస్తా పాడైందనుకుని జ్యోతిర్మయి కంగారుపడింది.

"ఇప్పుడు దానికేటీ తెలీదమ్మా. ఒకసారి మనమే సెప్పాలి" అన్నాడు అమ్మన్న.

ఆమె తేదీ, టైము కొట్టింది. మర్నాడు పదింటికి తెర మీద పదే ఉంది. అయినా ఇంకో వారం దాకా ఆమెకు నమ్మకం కుదరలేదు.