నాగమణి ఎడమ కాలు

నా బిడ్డను మంచం దిగనివ్వనిది నేనే. దాచేదేం లేదు, ముందే చెప్పేస్తున్నాను.

ఎనభై ఎనిమిదిలో నా బిడ్డ నాగమణికి గద్వాల దవాఖానలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఏసమ్మ నాకు గట్టిగానే చెప్పింది. "సుగుణమ్మా, బిడ్డను ఉత్తగ పండవెట్టకు. పొద్దుమాపు నాలుగడుగులు నడిపియ్యి. లేకుంటే కాళ్లల్ల నెత్తురు గడ్డకడ్తది."

నాకు ఒళ్లు మండింది. ఐదుగురిని కన్నదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల నాకు చెప్పేదేమిటి? మా మగ్గాల ఇళ్లలో బాలింత ఇరవై ఒక్క రోజులు నేల మీద పాదం పెట్టదు. చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. "అమ్మా, జర వాకిట్లకన్న పోయొస్తనే" అని బిడ్డ బతిమాలితే, "ఊకో, గాలి సోకుతది" అని కసిరాను.

తొమ్మిదో రోజు దాని ఎడమ కాలు ఉబ్బింది. పిక్క ముట్టుకుంటే కాలిపోతోంది. మా ఆయన బాలకిష్టయ్య మగ్గం గుంతలోంచి లేచి వచ్చి చూశాడు. "దవాఖానకు తీస్కపోదమా?" అన్నాడు.

"నీకేం తెల్సు? నీ పని చూస్కో పో" అన్నాను. ఆముదం కాచి, పాదం నుంచి పైదాకా బలంగా తోమాను. అది పళ్లు బిగబట్టి ఏడ్చింది. పట్టేసిన నరం వదులుతోందిలే అనుకున్నాను.

గంట కూడా కాలేదు. ఎదలో పొడుస్తోందంది. ఊపిరి అందక నోరు తెరిచింది. అయ్యో దేవుడా! ఎవరిదో జీపు పట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రికి ఉరికాం.

డాక్టరు కాలు చూడగానే, "ఎవరన్నా తోమినారా?" అని అడిగాడు.

నాగమణి నా వంక చూసింది. "లేదు సార్" అంది, ఆ ఆయాసంలోనే.

నన్ను బయటికి పంపారు. వరండాలో ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన చేతుల్లో చంటిది పాలకోసం గుక్కపెడుతోంది. "జర కూసోవే, పరేషాన్ చెయ్యకు" అన్నాడాయన. ఎలా కూర్చునేది? లోపల నాగమణి, తన ప్రాణం పోతున్నా అబద్ధమాడి నన్ను కాపాడింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"సారూ, నేనే తోమిన. నడవనియ్యలే గూడ. నన్నేమన్న అనుండ్రి, నా బిడ్డను బతికియ్యిండ్రి."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాలి నరంలో నెత్తురు గడ్డ కట్టిందమ్మా. అందులో ముక్క ఊపిరితిత్తులకు పోయింది. ఇక ఆ కాలు కదపొద్దు, సూదిమందు ఇస్తున్నాం" అన్నాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "ఇట్లా దేశంలో ఎందరు పోతున్నారో లెక్క రాసేవాడే లేడు. బాలింత పోతే గాలి సోకిందంటారు, అంతే" అన్నాడు.

గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాను.

నాగమణి బతికింది. మూడో రోజు, ఊపిరి కాస్త కుదుటపడ్డాక, నా చెయ్యి పట్టుకుని అడిగింది. "డాక్టర్ సార్ చెప్పంగనే గట్ల కూలవడ్డవేందే? నేను బతికిన గద."

చెప్పక తప్పలేదు.

"మా అక్క జంగమ్మ బాలింతగ ఉండంగ పదిహేనో నాడు పోయింది బిడ్డా. గాలి సోకిందన్నరు. మా అమ్మ గూడ గిట్లనే కాలు తోమింది. అక్క మొత్తుకుంటుంటే, కదలకుండ పట్టుకున్నది నేనే."