వీపుల పుస్తకం

సూర్యాపేటలో మార్కెట్ యార్డుకు పోయే రోడ్డులో ఈదయ్య బైండింగ్ షాపు పొద్దున ఎనిమిదిన్నరకు తెరుచుకుంటుంది. తెరిచిన వెంటనే ఆయన మైదా ఉడికిస్తాడు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తాడు. జిగురు చల్లారేలోగా చాయ్ తాగుతాడు. ఎండాకాలమంతా పెళ్లి ఆల్బమ్‌లు. మే చివర నుంచి బడుల హాజరు రిజిస్టర్లు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

ఈసారి వాటికి తోడు మూడు వందల ఫొటో పుస్తకాల పని వచ్చింది. డాక్యుమెంటరీ సినిమాలు తీసే కరుణది కోదాడ. ఒమన్‌లో పనిచేస్తున్న మనవాళ్ల మీద సినిమా తీస్తూ ఆరేళ్లపాటు ఆమె ఫొటోలు కూడా తీసింది. ముఖం కనబడితే కంపెనీతో తిప్పలొస్తాయని అప్పట్లో అందరూ భయపడ్డారు. అందుకని ప్రతి ఒక్కరినీ వెనక నుంచే తీసింది. అరవై నాలుగు ఫొటోలు. పుస్తకం పేరు ‘వీపులు’. ప్రతి కాపీకి ఒక నంబరు, కింద ఆమె సంతకం. మూడు వందలు పూర్తయ్యాక ఇక అచ్చు వేయరు. ఇలాంటివి సేకరించేవాళ్లు ఢిల్లీలో, లండన్‌లో తమ కాపీలకు ముందే పేర్లు రాయించుకున్నారు.

కాగితాలు హైదరాబాద్‌లో అచ్చయ్యాయి. బైండింగ్ మాత్రం ఈదయ్యే చేయాలని కరుణ పట్టుబట్టింది.

“అట్టకు ఏ గుడ్డ పెట్టాలమ్మా?”

“హాజరు రిజిస్టర్లకు వేస్తారు చూడండి బాబాయ్, ఆ ఎర్ర గుడ్డ.”

“గది మామూలు గుడ్డ. లండన్ పోయేదానికి బాగుంటదా?”

“మా బళ్లో అదే చూస్తూ పెరిగాను. అదే వెయ్యండి.”

కరుణ ఫొటోల్లోని మనుషులు పిలిస్తే తల తిప్పుతారు. అలవాటైన పేరుతో పిలవాలి. పిలిచినవాళ్లను ఒకసారి చూసి మళ్లీ తమ పనిలో పడతారు. జిగురు ఆరకముందు వాళ్లు కదిలితే కాగితం ముడతలు పడుతుంది కాబట్టి, ఆ నెలంతా ఈదయ్య షాపులో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.

సంగతి తెలిసి జనం రావడం మొదలైంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే వినోద్, జిగురు ఆరిన కాపీ తెరిచి, పన్నెండో ఫొటోలో పరంజా మీదున్న తమ్ముణ్ణి పిలిచి, “గా మీసమేందిరా” అని తిట్టి వెళ్లాడు. హాలియా నుంచి వచ్చిన ఆండాలు వాళ్ల అక్కను రెండుసార్లు పిలిచింది. మొదటిసారి కళ్లలో నీళ్లు తిరిగి సరిగా కనబడలేదట.

“లండనోళ్లకు వీపులే,” అంది పోతూపోతూ. “మొఖాలు మనయి.”

జూన్ మొదటి వారంలో అనంతగిరి దగ్గరి తండా నుంచి నీలా, ఆమె భర్త దేవ్‌సింగ్ వచ్చారు. నీలా మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఆడపిల్లల బడి బస్సు నడిపింది. రెండేళ్ల కింద తిరిగొచ్చి, ఇక్కడి హెవీ లైసెన్సు తీసుకుంది. కోదాడ రోడ్డులోని ఒక ప్రైవేటు బడికి డ్రైవర్ కావాలంటే వెళ్లి అడిగింది. బడి నడిపే కరస్పాండెంట్ శంకర్ సార్ అయిదేళ్ల అనుభవం చూపే కాగితం తెమ్మన్నాడు. మస్కట్‌లో ఆమె పనిచేసిన కంపెనీ మూతపడింది. కాగితం ఇచ్చేవాళ్లు లేరు. నీలా బస్సు నడపడం తను చూశానని కరుణ ఆయనకు ఫోన్ చేసి చెప్పింది కూడా.

“ఫొటోకు కూసున్నదో, నిజంగ నడిపిందో మీకెట్ల తెలుస్తదమ్మా?” అన్నాడాయన. “నలభై మంది పిల్లలు. ఒకరి మాట మీద ఎక్కియ్యలేను.”

నీలాకు కోపం రాలేదు. అడగవలసిన ప్రశ్నే అడిగాడని అనుకుంది. సోమవారం బడి తెరుస్తారు. శనివారం దాకా చూసి వేరేవాళ్లను పెట్టుకుంటానని ఆయన చెప్పాడు.

ఈదయ్య నలభై ఒకటో ఫొటో తెరిచి బల్ల మీద పెట్టాడు. వెనక సీట్ల నుంచి తీసిన బస్సు ముందు భాగం. స్టీరింగ్ మీద గ్లోవ్స్ వేసుకున్న చేతులు, నీలం యూనిఫాం, తలకు స్కార్ఫ్. ముందు అద్దంలో తెల్లటి ఎండ. ఎదుటి పేజీలో నంబరు, పేరు, ఊరు.

“నీలా!” అని పిలిచాడు దేవ్‌సింగ్.

ఫొటోలోని మనిషి కదల్లేదు.

“ఓ నీలా!”

కదల్లేదు.

“ఇంట్ల పిలిచినా గంతే. ఒక్కపారికి ఇనదు,” అని నవ్వబోయాడు గాని, ఎవరూ నవ్వలేదు. నీలా తనే వంగి తన పేరు తను పిలిచింది. ఫొటోలో ఎండ ఉంది, చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, అంతే.

పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చిన సుమలత మెల్లగా అంది: “గామె వేరే ఆమె కావచ్చు అక్కా. పేరు ఎవరిదైనా రాయొచ్చు గద.”

“నా వీపు నాకు తెల్వదా?” అంది నీలా.

“ఎవరి వీపు వాళ్లకెట్ల తెలుస్తది?” అన్నాడు ఈదయ్య, చెడ్డ ఉద్దేశంతో కాదు.

ఫొటో తిరగలేదన్న మాట సాయంత్రానికల్లా బడి దాకా వెళ్లింది. నీలా మాత్రం తండాకు పోతూ, “శనివారం ఆ సార్ రిజిస్టర్లకు గీడికే వస్తడన్నవ్ గద కాకా. నేనూ వస్త,” అని చెప్పింది.

శనివారం పదకొండింటికి శంకర్ సార్ వచ్చాడు. నీలా గడప పక్కన నిలబడి ఉంది, దేవ్‌సింగ్ బల్ల దగ్గర ఉన్నాడు. ఆమెను చూసి తల ఊపి, రిజిస్టర్ల కట్ట దగ్గరకు జరిగాడు. మొత్తం ఇరవై రెండు. పైనుంచి మూడోది రిజిస్టర్ కాదు, ‘వీపులు’ నూట పదిహేడో కాపీ. అదే ఎర్ర గుడ్డ, అదే కొలత. అది అందులోకి పొరపాటున చేరిందా అంటే ఈదయ్య ఇప్పటికీ సరైన జవాబు చెప్పడు.

శంకర్ సార్ ప్రభుత్వ బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు చదువు చెప్పి రిటైరైన మనిషి. ప్రతి రిజిస్టర్‌నూ మధ్యకు తెరిచి దారం బిగువు చూడటం ఆయన పద్ధతి. మూడోది తెరిచాడు. ఎడమ పేజీలో నంబరు, పేరు కనబడగానే నోరు దానంతటదే తెరుచుకుంది. తండా బడిలో పనిచేసిన రోజుల్లో హాజరు తీస్తూ ఇంటిపేరు చదివి, ఆగి, కళ్లద్దాల మీదుగా పిల్లలను చూసి, ఆ తర్వాత పేరు చదివేవాడు.

“నలభై ఒకటి,” అన్నాడు. “ధరావత్...”

ఆగి, కళ్లద్దాల మీదుగా చూశాడు.

కుడి పేజీలో బస్సు వేగం తగ్గింది. రోడ్డు పక్కకు జరిగి నిలిచింది. కుడి చెయ్యి స్టీరింగ్ వదిలి హ్యాండ్‌బ్రేక్ లాగింది. తల కొంచెం ఎత్తి లోపలి అద్దంలో వెనక సీట్లను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసుకుంది. అప్పుడు తిరిగింది. గడప పక్కన నిలబడ్డ మనిషే, ఇంకాస్త చిన్న వయసులో.

“ధరావత్ అంటే మా తండల సగం మంది తిరుగుతరు గద!” అన్నాడు దేవ్‌సింగ్.

నీలా నుదురు కొట్టుకుంది. “పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు ముందు రాసిండ్రు సార్, మనం రాసుకున్నట్టే. గాడ ముందున్నదే పేరనుకున్నరు. దినాం పొద్దుగాల సూపర్‌వైజర్ ధరావత్ అంటే ఎస్ అంటుంటి. హాజరు తీస్తుండనుకున్న గని, నన్ను పిలుస్తుండనుకోలే.”

శంకర్ సార్ ఆ మాటలు విన్నాడో లేదో. పేజీ మీది నుంచి చూపు తిప్పలేదు.

“బ్రేకు లాగి తిరిగింది,” అన్నాడు. “అద్దంల పిల్లలను సూస్కొని తిరిగింది. ఫొటోకు కూసున్నోళ్లకు గది యాదికి రాదు.” జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ‘ధరావత్ నీలా’ పక్కన టిక్కు పెట్టాడు. “సోమవారం ఆరున్నరకు రామ్మా.”

“సార్!” అని అరిచాడు ఈదయ్య. “లండన్ పోయే పుస్తకం మీద గీతలా!”

కోదాడకు ఫోన్ చేశాడు. కరుణ అంతా విని చాలాసేపు నవ్వింది. “హాజరు పడింది కదా బాబాయ్. ఆ కాపీ ఎవరికీ పంపకండి, మీ దగ్గరే ఉంచండి.” అది ఇప్పుడు షాపులో అద్దాల బీరువాలో ఉంది. వచ్చినవాళ్లకు ఈదయ్య ముందు టిక్కు చూపిస్తాడు, తర్వాత బైండింగ్ చూపిస్తాడు.

సోమవారం బస్సులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఎక్కారు. శంకర్ సార్ ముందు సీట్లో కూర్చున్నాడు. హైవే దిగి ఊళ్లోకి మళ్లాక, ఉండబట్టలేక గట్టిగా పిలిచాడు.

“ధరావత్!”

నీలా తిరగలేదు. బస్సును ఎడమకు తీసి ఆపింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. అద్దంలో పిల్లలను చివరిదాకా చూసుకుంది. అప్పుడు తల తిప్పింది.

“చెప్పుండ్రి సార్,” అంది. “గీడ నా పేరు నీలా.”