పొడి నేల

కరకట్ట తెంచినప్పుడు మేమంతా చర్చిలో ఉన్నాం. ప్రార్థనకు కాదు. డాన్యూబ్ నది పెరుగుతున్నా భయం లేదు, కట్ట గట్టిగా ఉందని చెప్పడానికి మేయరే పిలిపించాడు. అతను ఇంకా మాట్లాడుతుండగానే తలుపు కింద నుంచి నీళ్లొచ్చాయి.

నేను మా ఊరు లుంకవేకే బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. చూసిందే చెబుతున్నాను. మధ్యాహ్నానికి తారురోడ్డు ముక్కలై కొట్టుకుపోయింది. మట్టి ఇళ్లు ఒక్కొక్కటే కూర్చుండిపోయాయి. సాఫ్తా అవ్వ, పక్షవాతంతో మంచాన పడ్డ మొగుణ్ణి ఇంట్లో ఉంచి మీటింగుకు వచ్చింది. మేం పడవలో వెళ్లేసరికి ఆయన శవం పైకప్పుకు ఆనుకుని తేలుతోంది.

దిగువన మనోలే దొరగారి రెండువేల హెక్టార్ల గోధుమ చేలోకి మాత్రం చుక్క నీరు పోలేదు.

గుట్ట మీద మాకు గుడారాలు వేశారు. మూడోరోజు ఒక అధికారి కాగితాలు తెచ్చాడు. ప్రకృతి వైపరీత్యం వల్ల నష్టపోయామని సంతకం పెడితేనే రేకుల ఇళ్లు.

"పెట్టేద్దాం. పసివాళ్లు బురదలో పడుకుంటున్నారు," అన్నాడు పశువుల కాపరి పెత్రాకె.

"పెట్టు. పెట్టి రేపు ఆ మనోలే చేలోనే కూలికి పో," అంది పాల కేంద్రంలో పనిచేసే లినా.

"మరేం తినమంటావే? నీ కోపం తినమంటావా?"

అప్పుడు ఇలారియే ముందుకొచ్చాడు. మా ఊరివాడే, మట్టి తవ్వే యంత్రం నడుపుతాడు. మూడురోజులుగా ఎవరి కంటా పడలేదు.

"నది తెంచలేదు. నేను తెంచాను. మనోలే మనిషి పక్కన నిలబడి ఇక్కడ తవ్వమన్నాడు. మేయరు సంతకం చూపించాడు. ఊరు ఖాళీ చేయించామన్నారు."

పెత్రాకె అతని చెంప పగలగొట్టాడు. మళ్లీ చెయ్యెత్తితే సాఫ్తా అవ్వ పట్టుకుంది.

"వీణ్ణి మనమే చంపితే వాళ్లకు పని తప్పుతుంది. ఒరే, ఈ మాట కోర్టులో చెబుతావా?"

"చెబుతానవ్వా."

"మా ఆయన నన్ను పిలిచే ఉంటాడు. అది కూడా చెప్పు."

ఆరోజు ఒక్కరూ సంతకం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చి, కట్ట ధ్వంసం చేశాడని ఇలారియేను జీపెక్కించారు. పట్నానికి మిగిలిన దారి, తెగకుండా ఉన్న కరకట్ట ఒక్కటే. మేం అడ్డదారిన ముందే పోయి దాని మీద కూర్చున్నాం, నూటనలభై మందిమి.

"లేవండి. చట్టం తన పని చేస్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మొన్న సెలవు పెట్టిందా సార్?" అంది లినా.

"అవ్వా, పెద్దదానివి. ఇంటికి పో."

"ఏ ఇంటికి నాయనా?"

జీపు కదిలింది. డ్రైవరు ఆపుతాడనే అనుకున్నాం. ముందు చక్రం సాఫ్తా అవ్వ నడుం మీదికెక్కింది. ఎముకలు విరిగిన చప్పుడు అందరం విన్నాం. పడవలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

అవ్వను పడవెక్కిస్తుండగానే పెత్రాకె జీపు తాళం లాగి నీళ్లలోకి విసిరాడు. కానిస్టేబుళ్లు వెనక్కి తగ్గారు. ఇలారియే దిగాడు.

"పారిపోరా," అన్నారెవరో.

"సాక్షిని. ఎక్కడికి పోను?" అని మా మధ్యే కూర్చున్నాడు.

అవ్వ శవంతో పడవ తిరిగొచ్చాక, "పదండి, మనోలే చేను కాస్తున్న కట్ట కూడా తెంచుదాం," అరిచాడు పెత్రాకె.

"తెంచితే అక్కడా నీళ్లే. అవ్వను ఎక్కడ పెడతావు?" అంది లినా.

మా ఊరి శ్మశానం రెండు నిలువుల నీళ్ల కింద ఉంది.

మరునాడు పక్క మూడూళ్ల వాళ్లూ పడవలేసుకొచ్చారు. ఆవులు, గుడారాలు, అవ్వ శవపేటిక అన్నీ తీసుకుని మనోలే చేలో దిగాం. అతని మేనేజరు తుపాకీతో అడ్డం వచ్చాడు.

"ఇది ఎవరి పొలమో తెలుసా?"

"తెలుసు. మా ఊరిని ముంచి పొడిగా ఉంచుకున్న పొలం," అంది లినా. అవ్వ పేటిక పక్కనే పచ్చటి గోధుమ మొలకల్లో పార దించింది.