రెండో చెంప

బడి గుమాస్తా కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. అతని దవడ కింద వదులైన చర్మాన్ని బొటనవేలితో లాగి పట్టుకుని, కత్తిని మెల్లగా పైకి నడిపించాడు సెలూనాయన. నురగని కాగితం ముక్కకి రాశాడు, కత్తిని మళ్లీ ఆనించాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. చేతులు వాటంతటవే సాగిపోతాయి.

"ఇవాళైనా గ్రౌండుకి వస్తావా, మిలిటరీ?" అన్నాడు గుమాస్తా.

"కదలకండి. తెగుతుంది."

సైన్యంలో పన్నెండేళ్లు క్షురకుడిగా చేసి వచ్చాడు కాబట్టి వీధిలో అందరికీ అతను మిలిటరీయే. ఆ పేరు వద్దని మొదట్లో చెప్పి చూశాడు, ఎవరూ వినలేదు.

"అది కాదయ్యా. ఏటా మన జిల్లా నుంచి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చదువుతాం. ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క సైనికుడివి, నువ్వే రావు. మీరక్కడ కాపలా కాయబట్టే కదా మేమిక్కడ గుర్రుపెట్టి నిద్రపోతున్నాం."

"నేను కాపలా కాసింది గడ్డాలకండీ."

గుమాస్తా పొట్ట కదిలేలా నవ్వాడు. "ఇదిగో, ఈ వినయమే నాకు నచ్చుతుంది."

మిలిటరీ కత్తిని మళ్లీ చెంపకి ఆనించాడు. నిజం చెప్పినప్పుడల్లా జనం దాన్ని వినయం అనుకుంటారు.

పొద్దున ఇంట్లో కూతురు ముందుగదిలో నిలబడి కాగితం చూస్తూ పేర్లు చదువుకుంటోంది. ఈసారి వేదిక మీద చదవడానికి బడివాళ్లు ఆమెని ఎంపిక చేశారు. పదకొండు పేర్లు. తొమ్మిదో పేరు దగ్గర ఆగి, "నాన్నా, దీన్ని ఇలాగేనా పలకాలి?" అని అడిగింది. ఇలాగే అన్నాడు. మంచినీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్లి, బిందె దగ్గర ఊరికే నిలబడ్డాడు. కూతురికి పదహారేళ్లు. ఆ తొమ్మిదో పేరువాడు పోయీ పదహారేళ్లే.

గుమాస్తా వెళ్లిన కాసేపటికి పెద్దాయన వచ్చాడు. ఆ తొమ్మిదో పేరువాడి తండ్రి. మూడు గంటల బస్సు ప్రయాణం చేసి ఏటా ఇదే రోజున వస్తాడు. ఇక్కడ గడ్డం చేయించుకుని, గ్రౌండుకి వెళ్లి ముందు వరసలో కూర్చుంటాడు. కొడుకు ఉన్న దళంలో పనిచేసినవాడు ఈ ఊళ్లో ఉన్నాడని మొదటి ఏడే ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆ కుర్చీలో కూర్చుని చిన్న చిన్న సంగతులే అడిగేవాడు. మావాడు అన్నం సరిగ్గా తినేవాడా? పాటలు పాడేవాడా? వెళ్లేముందు ఇతని చేయి పట్టుకుని, వాడి పక్కన నువ్వున్నావు, అది చాలు, అనేవాడు. ఆ మాట మళ్లీ వినాల్సి వస్తుందని ఈ రోజు దగ్గరపడే కొద్దీ మిలిటరీకి తిండి సయించేది కాదు.

"రండి పెద్దయ్యా. బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది. ముసలాడినని లేచి ఇచ్చారు."

ఏడాదిలో మనిషి బాగా తగ్గిపోయాడు. మెడ దగ్గర చొక్కా కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. మిలిటరీ తువ్వాలు చుట్టి, బ్రష్షు తడిపి, రెండు చెంపలకీ నురగ పట్టించాడు. కుడి చెంప పూర్తయింది.

"నిన్నొకటి అడగాలి," అన్నాడు పెద్దాయన అద్దంలోకి చూస్తూ. "అడుగుదామనే ఇన్నేళ్లూ వస్తున్నాను. తీరా ఇక్కడ కూర్చున్నాక నోరు పెగలదు."

"అడగండి."

"వాడు కళ్ల సంగతి నీతో చెప్పాడటగా. చీకటి పడితే దారి కనబడటం లేదని నీకు చెప్పాననీ, డాక్టరుకి చెబుతానని నువ్వు మాటిచ్చావనీ నాకు ఉత్తరం రాశాడు."

మిలిటరీ కత్తిని చెంపకి దూరంగా తీసుకున్నాడు.

"ఆ రోజే జవాబు రాశాను. చెబితే ఇంటికి పంపేస్తారు, నోరు మూసుకోరా, ఆ మామని కూడా చెప్పొద్దను, అని. వాడికి చిన్నప్పట్నుంచీ రేచీకటే. సైన్యంలో చేరేటప్పుడు దాచమన్నదీ నేనే." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "పోయాక వాడి పెట్టె పంపారు. నా ఉత్తరం అందులో లేదు. అందిందో లేదో తెలియదు. చెప్పొద్దని వాడు నీతో అన్నాడా?"

అన్నాడు అంటే సరిపోయేది. ఒక్క మాట. పదహారేళ్ల బరువు దిగిపోయేది, దాన్ని మోయడానికి ఎదుట ఒక మనిషి సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.

ఒక సాయంత్రం ఆ కుర్రాడు గుడారం తాళ్లకి కాలు తగిలించుకుంటూ వచ్చాడు. "మామా, నాకు రేచీకటి. నేను చెబితే పనికి ఎగనామం పెడుతున్నానంటారు. నువ్వు చెప్పవా?" అని అడిగాడు. చెబుతాలే అన్నాడు తను. డాక్టరు గడ్డానికి రోజు మార్చి రోజు వచ్చేవాడు. అయిదుసార్లు ఆ గొంతు తన చేతి కింద ఉంది. మంచి ముక్కోపి. ఎవరి తరఫునో మాట్లాడాడని అంతకుముందు నెలలోనే ఒక వంటవాడి సెలవు రద్దు చేయించాడు. తన సెలవు కాగితమూ పై అధికారి బల్ల మీదే ఉంది. పదకొండో రోజున సంతకమైంది. తను ఇంటికి చేరి, పుట్టి గంట కూడా కాని కూతుర్ని ఎత్తుకున్న సాయంత్రమే, అక్కడ కుర్రాడు కాపలావాళ్లకి నీళ్లు మోసుకెళుతూ, సున్నం గీసిన దారి తప్పి మందుపాతర మీద అడుగు వేశాడు.

"లేదు పెద్దయ్యా," అన్నాడు మిలిటరీ. "చెప్పొద్దని అనలేదు. చెప్పావా మామా అని రెండుసార్లు అడిగాడు కూడా. నేనే చెప్పలేదు."

"ఎందుకని?"

"సెలవు కోసం. మా ఆవిడకి నెలలు నిండాయి. డాక్టర్ని కదిలిస్తే సెలవు పోతుందని భయపడ్డాను. సంతకం అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక బస్సెక్కేశాను."

పెద్దాయన అద్దంలో తనని తాను చూసుకున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద నురగ ఎండి పొరలు కడుతోంది.

"అయితే నా ఉత్తరం అందలేదన్నమాట," అన్నాడు. "నేను నోరు మూసుకోమన్నానని తెలియకుండానే పోయాడు."

అతని కళ్లలోంచి నీళ్లు కారి నురగలో కలిశాయి.

"ఆ రెండో చెంప కూడా కానీ," అన్నాడు పెద్దాయన. కళ్లు మూసుకుని, గొంతు పైకెత్తాడు.

మిలిటరీ నురగ మళ్లీ కలిపి పట్టించాడు. మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని, వెంట్రుక వెంట్రుకా చూసుకుంటూ పూర్తిచేశాడు. పటిక రుద్దాడు, తడి తుడిచాడు. గడప దగ్గర పెద్దాయన ఆగాడు.

"ఇవాళ గ్రౌండుకి పోను. ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను అక్కడ. ఇవాళ కూర్చుంటే నిన్ను తిట్టుకుంటూ కూర్చోవాలి. వాడి రోజున ఆ పని నా వల్ల కాదు."

"వచ్చే ఏడు..."

"రాను. కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు కావాలంటే నన్ను ముంచి బయటపడగలిగేవాడివి. అది నాకు తెలుసు."

గ్రౌండు కుడివైపు. అతను ఎడమకి, బస్సులు ఆగే చోటికి నడిచాడు. చేయి పట్టుకోకుండా వెళ్లడం ఇదే మొదటిసారి.

మిలిటరీ తలుపులు దగ్గరగా వేసి గ్రౌండుకి వెళ్లాడు. గోడవారగా నిలబడ్డాడు. పేరు చదవగానే ఇంటివాళ్లు లేచి వెళ్లి జ్ఞాపిక అందుకుంటున్నారు. కూతురు తొమ్మిదో పేరు చదివింది, ఒక్క అక్షరం కూడా మింగకుండా. ముందు వరసలో ఎవరూ లేవలేదు. మళ్లీ చదివింది.

గుమాస్తా ఇటు తిరిగి చూశాడు, గబగబా వచ్చాడు. "మీ దళం కుర్రాడే కదయ్యా. నువ్వు తీసుకో, పెద్దాయనకి అందజేద్దువుగాని."

తలలన్నీ అతని వైపు తిరిగాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి వరస వెంట వరస పాకాయి. వేదిక మీద కూతురు తండ్రిని చూసి నవ్వింది. ఆ చప్పట్లు ఆగేదాకా అతను నేల చూస్తూ ఉండిపోయాడు.

"నాకు ఇవ్వకూడదండీ," అన్నాడు.

"ఇక్కడా వినయమేనా?"

"వినయం కాదండీ. నాకు ఇవ్వకూడదు."

గుమాస్తా నవ్వబోయి, అతని ముఖం చూసి మానేశాడు. వెళ్లి ఆ జ్ఞాపికని ఖాళీ కుర్చీలో పెట్టాడు. కూతురు పదో పేరు చదివింది.

సభ అయ్యాక ఆమె పరుగున వచ్చింది. "ఎందుకు తీసుకోలేదు నాన్నా? అందరూ నీకే చప్పట్లు కొట్టారు."

ఇంటికెళ్లాక చెబుదాం అనబోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"ఇలా రా," అన్నాడు, గేటు పక్కన అరుగు మీద కూర్చుంటూ. "ఆ తొమ్మిదో పేరు గురించి నీకొకటి చెప్పాలి. ఇప్పుడే."

ఆమె కూర్చుంది. అతను గుడారం దగ్గర మొదలుపెట్టాడు. గ్రౌండులో కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. ముందు వరసలో ఒక్క కుర్చీని మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందులో వెనక్కి ఒరిగి ఉన్న జ్ఞాపిక మీద, కొత్తగా చెక్కిన అక్షరాల్లో, కాస్త చెక్కపొడి ఇంకా అలాగే ఉంది.