పెట్టె దగ్గర అనకూడని మాట

గ్వేఖిమ్ కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. లాప్‌టాప్ తెరుచుకుంది కానీ గొంతులున్న డిస్క్ తెరుచుకోలేదు. తెర మీద చిన్న గడి వచ్చి ఇంకో పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్‌లన్నీ దాచి ఉంచే తాళాలపెట్టెకి సంబంధించిన గడి అది. గ్వేఖిమ్ మళ్ళీ కొత్తదే కొట్టింది. తప్పంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. తప్పంది.

బయట చీగూ ఊరి గుడి ముందు కుర్చీలు నిండుతున్నాయి. ఆ రోజు ఓంగ్‌యా దేవుడి పుట్టినరోజు. బొమ్మలాట దేవుడి కోసం వేస్తారు. జనం వచ్చినా రాకపోయినా, వాన పడినా, పెట్టిన వేళకి మొదలవ్వాలి. ఆవరణకి ఈ చివర గ్వేఖిమ్ బృందం లారీ వేదిక, ఆ చివర ఇంకో బృందం వేదిక ఎదురెదురుగా ఉన్నాయి. ఎనిమిదిమంది దేవతలు వచ్చి దీవించే తొలి ఘట్టం రెండు వేదికలూ కలిసి మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎవరు లాక్కున్న జనం వాళ్ళది.

బొమ్మల్ని చేతికి తొడిగి ఆడించేది గ్వేఖిమ్ భర్త కీసెంగ్. వాటికి మాట ఆమె తండ్రిది. రాజు, దొంగ, ముసలమ్మ, పులి అన్నీ ఆయన గొంతే. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆయనకి మాట పోయింది. ఆ గొంతు ఇప్పుడు డిస్క్‌లో తప్ప ఎక్కడా లేదు. పక్క జిల్లా బృందాలు దాన్ని నకలు చేసుకుని వాడుకుంటున్నాయని తెలిసి, అప్పట్లో బృందంలో ఉన్న తియాంలాయ్ డిస్క్‌కి తాళం వేశాడు. ఇంట్లో ఉన్న రెండో డిస్క్‌కీ వేశాడు. దాన్ని తీసే పొడవాటి పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు కాబట్టి లాప్‌టాప్‌లోని తాళాలపెట్టెలోనే దాచాడు.

తండ్రి మొదటి వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఊళ్ళు తిరగడం మానేశాడు. ఈ గుడికి మాత్రం ఏటా వస్తాడు, తన గొంతు వినడానికి.

"ఏమైంది?" అన్నాడు కీసెంగ్. రెండు చేతులకీ రెండు దేవతల బొమ్మలు తొడిగి ఉన్నాయి.

"అప్‌గ్రేడ్ చేయించాం కదా. డిస్క్ తాళం తియ్యట్లేదు."

"బాగున్నదాన్ని ఎవరు చేయించమన్నారు?"

"నువ్వే. అప్‌గ్రేడ్ చెయ్యమని మెరిసే ఆ ఎర్ర చుక్క చూడలేక చస్తున్నా, పోగొట్టు అన్నావు."

కీసెంగ్ ఒక దేవత తలతో చెవి గోక్కున్నాడు. గ్వేఖిమ్ కంప్యూటర్ల కొట్టు కుర్రాడికి ఫోన్ చేసింది.

"అక్కా, ఏదీ పాడవలేదు. లాగిన్ పాస్‌వర్డ్ మీకు తెలీదన్నారు, నేను బయట నుంచి మార్చేశాను. ఆ సంగతి లోపలి తాళాలపెట్టెకి తెలీదు. అది పాతదే అడుగుతుంది."

"ఇన్నాళ్ళూ అడగలేదే?"

"ఇన్నాళ్ళలో దాన్ని ఒక్కసారైనా పూర్తిగా ఆపారా?"

ఆపలేదు. తియాంలాయ్ బృందం వదిలి వెళ్ళిన రోజున అది నడుస్తూనే ఉంది. మూత తెరిస్తే ఏమీ అడగకుండా అతనే ఏర్పాటు చేశాడు, ఆట మధ్యలో అడిగితే కొంప మునుగుతుందని. ఆ తర్వాత వీళ్ళు మూత తియ్యడం, మూత వెయ్యడం, అంతే. అప్‌గ్రేడ్ కోసం మొదటిసారి ఆపారు.

"పాతది ఎవరికి తెలుసో వాళ్ళని అడగండి, నిమిషం పని" అన్నాడు కుర్రాడు.

అది తెలిసినవాడు ఎదురు వేదిక మీద మైకు సరిచేసుకుంటున్నాడు.

తియాంలాయ్ ఆమె తండ్రి దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాడు. కొత్త కథలకి కొత్త గొంతు కావాలి, నేను పలుకుతాను అని అడిగాడు. నీ గొంతు చేపలమ్ముకోవడానికి పనికొస్తుంది అంది గ్వేఖిమ్. అతను ఆ వారమే వెళ్ళిపోయాడు.

ఆమె ఆవరణ దాటుతుంటే కుర్చీల్లోవాళ్ళు తలలు తిప్పారు. ఆటకి ముందు ఒక బృందంవాళ్ళు ఇంకో బృందం వెనక్కి వెళ్ళరు.

"చేపలు ఇంకా రాలేదమ్మా" అన్నాడు తియాంలాయ్, తల ఎత్తకుండానే.

"అన్నా, లాప్‌టాప్ పాత పాస్‌వర్డ్ చెప్పు. నాన్న గొంతు లోపల ఇరుక్కుపోయింది."

అతను మైకు కింద పెట్టాడు. వెనక ఉన్న బొమ్మల పెట్టె వైపు చూశాడు.

"ఇక్కడ చెప్పను."

"కోపం ఉంటే నా మీద తీర్చుకో. ఆయన మీద కాదు."

"గురువుగారి మీద నాకేం కోపమే? ఇక్కడ చెప్పనన్నాను. నీ వేదిక మీదకొచ్చి కూడా చెప్పను."

"మరెక్కడ చెప్తావు, పోలీస్ స్టేషన్‌లోనా?"

"అరవకు. పెట్టె దగ్గర మనం ఏ మాట అనకూడదు?"

గ్వేఖిమ్ నోరు తెరిచి మూసేసింది. ప్రతి బొమ్మల పెట్టె మీదా ఆటగాళ్ళ దేవుడు ఉంటాడు. ఆయన ముందు ఒక జంతువు పేరు ఎత్తరు. ఎత్తితే ఆడించేవాడి వేళ్ళు పట్టేస్తాయంటారు. ఆమెకి మాటలొచ్చినప్పుడే తండ్రి మూతి మీద ఒకటి వేసి నేర్పాడు.

"అదా?"

"అదే. మనవాళ్ళ నోట పొరపాటున కూడా రానిది అదొక్కటే. తాగి పడిపోయినా అనరు. దాని వెనక గురువుగారు పుట్టిన సంవత్సరం."

"పెట్టె పక్కన కూర్చుని అది కొట్టావా?"

"కొట్టాను, అనలేదు. పెట్టె మీది దేవుడు వింటాడు కానీ చదవడు. వెళ్ళు, నీ కోసం మావాళ్ళు కూడా ఆగాలి."

ఆమె పరుగెత్తింది. చెప్పు ఒకటి గుడి మెట్ల దగ్గర ఊడిపోతే వదిలేసింది. లాప్‌టాప్ ముందు కూర్చుని పెదవులు గట్టిగా బిగించుకుని కొట్టింది.

"ఏంటది?" అన్నాడు కీసెంగ్, తెర మీదకి వంగి.

"అడక్కు. అటు తిరుగు."

గడి మాయమైంది. డిస్క్ తెరుచుకుంది. తండ్రి రికార్డులు వరసగా వచ్చాయి, ఒక్కటీ పోలేదు. గ్వేఖిమ్ కాసేపు వాటి పేర్లు చదువుతూ కూర్చుంది. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉందని అప్పుడు తెలిసింది.

"మొదలుపెడతావా, చేతులు లాగుతున్నాయి" అన్నాడు కీసెంగ్.

ఆమె వేదిక తెర పక్క నుంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. ఎదురు వేదిక మీద తియాంలాయ్ చెయ్యి ఎత్తాడు. రెండు వైపులా ఒకేసారి కంచు తాళాలు మోగాయి. ఆ వైపు తియాంలాయ్ గొంతు ఆవరణంతా నిండింది. ఈ వైపు ఆమె తండ్రి గొంతు లేచింది, ఆపరేషన్‌కి ముందున్న గొంతు. దేవతలం వచ్చామని, ఊరు చల్లగా ఉండాలని చెప్పింది.

గ్వేఖిమ్ సందులోంచి మొదటి వరస చూసింది. తండ్రి ఎదురు వేదిక వైపు చెవి పెట్టి ఒక నిమిషం విన్నాడు, తలాడించాడు. తర్వాత ఇటు తిరిగి, ఆమె ఎక్కడ కూర్చుంటుందో తెలిసినట్టు సరిగ్గా అక్కడికే చూసి, అరచెయ్యి పైకి ఎత్తాడు. ఇంకా పెంచమని.

ఆమె పెంచింది. ఆయన చెయ్యి దించలేదు. ఆమె ఇంకా పెంచింది.